అత్తకు మూడు ముద్దలు

యుద్ధకాలంలో రేషన్‌లో రాగులు కొలిచి ఇస్తున్న రోజులు. భర్త పోయాక చింతామణిలో మా ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త, అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన సంగటిని అరచేతిలో ఒత్తి నిమ్మకాయంత ముద్ద చేసుకునేది.

లైబ్రరీలో ఆరోగ్యం పుస్తకం చదివిన ఉత్సాహంతో, ఆమెను మా మండీలో చింతపండు తూచే త్రాసులో కూర్చోబెట్టాను.

"బస్తాకన్నా తేలిగ్గా ఉండానా అప్పా?" అని నవ్వింది.

ఆమె ఎత్తుకు ఎంత బరువుండాలో పుస్తకం చూసి లెక్కగట్టాను. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని చెప్పాను: "శానా తక్కువుండావత్తా. దినానికి మూడు ముద్దలు తినల్ల."

"తింటాలేప్పా. ఎవురి ముద్ద తగ్గించల్లో కూడా ఆ పుస్తకంలో రాసుండాదా?"

అంటూనే నా కంచంలో మూడో ముద్ద పెట్టింది. నేను తలెత్తకుండా తినేశాను.