తాడును అడగమన్న మామ

హార్బరు మామ పోయాడన్న సంగతి పాలకేంద్రం దగ్గర తెలిసింది. పొద్దున ఆరున్నర. క్యానులో పాలు పోస్తూ పక్క వీధి రైతు చెప్పాడు: "హార్బరాయన తెల్లారుజామున పోయినాడంట. నిద్దర్లోనే." నేను "సరే" అన్నాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలియదు. ఇంటికి వచ్చి, పట్టుపురుగుల షెడ్డు పుస్తకం తీసి, రోజూ రాసినట్టే ఆ పూట వేడి ఎంతో, ఎన్ని గంపల ఆకు వేశానో రాశాను. రాయడం అయ్యాక గాని ఆయన ఇంటికి పోవాలని తోచలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. కుప్పం వైపు మనిషి. మద్రాసు హార్బరులో ముప్పై ఏళ్ళు తాళ్ళ పని చేసి, భార్య పుట్టిన ఊరని పుంగనూరు దగ్గరి మా ఊరికి వచ్చి ఉండిపోయాడు. ఆమెను నేను చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆయన మామ అయ్యాడు. తాడు గురించి నాకు తెలిసిన కొంచెమూ ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయనకు నేను చేసిన అన్యాయం ఒకటి ఉంది. అది వదిలేసి ఆయన గురించి మంచి మాటలు మాత్రం రాయడం నా చేత కాదు.

తొంభైల నడుమ మా వైపు మల్బరీ బాగా నడిచింది. నేనూ పట్టుపురుగుల షెడ్డు వేశాను. ఎవరూ నేర్పలేదు. ఒకటి రెండు పంటలు పాడు చేసుకుని నేర్చుకున్నాను. షెడ్డుకు పడమటి వైపు గోడ లేదు. సన్నని వల, వల బయట గోనె పరదా. మధ్యాహ్నం ఎండకు పరదా దించి నీళ్ళు చల్లాలి, సాయంత్రం గాలికి ఎత్తాలి. పైన అడ్డంగా ఒక ఇనుప పైపు ఉంటుంది. అది తిరిగితే పరదా దానికి చుట్టుకుంటుంది. పైపు చివర కొయ్య డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన తాడు. ఆ తాడు గోడకున్న గిలక మీదుగా లోపలికి వస్తుంది. లోపల నిలబడి లాగితే డ్రమ్ము తిరిగి పరదా పైకి పోతుంది. వదిలితే తన బరువుకు తనే దిగుతుంది. బయటికి పోయి ఎత్తవచ్చు కదా అంటే, తలుపు తీసినప్పుడల్లా ఊజీ ఈగ దూరుతుంది. ఆ ఈగ గుడ్డు పెట్టిన పురుగు మనకు దక్కదు.

మొదటిసారి తాడు తెగినప్పుడు నేను ముడి వేశాను. ముడి గిలకలో ఇరుక్కుంది. పరదా పైకీ పోదు, కిందికీ రాదు. దారిన పోతున్న మామ వల దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఏమప్పా, తెర సగంలో నిలబడిపోయిందే. ముడేసినావా?"

"ఏసినాను మామా."

"గిలకలో నీ ముడి దూరుతాదా? నువ్వు దూరుతావా?"

అని నవ్వి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. మా ఊళ్ళో పేనిన కిత్తనార తాడు అది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య దొర్లించాడు. తలగుడ్డలోంచి మొన తీసిన చింతకర్ర మేకు ఒకటి తీశాడు. తెగిన రెండు కొనలనూ మూడేసి పేటలుగా విప్పి, ఎదురెదురుగా పెట్టి, ఒక పేట నా చేతికిచ్చాడు.

"దీన్ని కుడికి పోనీ. ఒకదాని పైన, ఒకదాని కింద."

"కుడికేనా మామా?"

"నన్నడిగేది యాల? తాడునడుగు."

నేను పుస్తకం తీసి 'పేటలు కుడికి' అని రాసి కింద గీత గీశాను.

"అదేంది రాస్తాండావు?"

"మర్సిపోతాను మామా."

"పుస్తకం లాగుతాదా పరదాని?" అన్నాడు.

అల్లిక అయ్యాక తాడు తాడులాగే ఉంది. కొంచెం లావుగా ఉందంతే. గిలకలో అడ్డం లేకుండా జారింది.

తాడు కింద పడి ఉంటే ఆయన దాటేవాడు కాదు. వీధిలో ఎవరి బర్రె పలుపు అడ్డంగా ఉన్నా చుట్టు తిరిగి పోయేవాడు. హార్బరులో చుట్ట వేసిన తాడులో కాలు పెట్టి ఆ కాలే పోగొట్టుకున్నవాళ్ళను చూశాడేమో, నేను అడగలేదు. నన్ను చూసినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసేవాడు. పుంగనూరు సంతలో నలుగురి ముందూ అంతే.

"తెర పైకి పోయినప్పుడు తాడు యాడుండాల?"

"నా చేతిలో మామా. డ్రమ్ము ఖాళీ."

"తెర కిందికొస్తే?"

"డ్రమ్ము నిండా."

"అది మర్సిపోతే నువ్వు పొద్దుగూకులూ లాగినా తెర లేవదు."

రెండు మూడేళ్ళకు కిత్తనార తాడు గిలక దగ్గర అరిగింది. మదనపల్లె పోయి నైలాను తాడు తెచ్చాను. డ్రమ్ము మీద నైలాను జారుతుంది, నార పట్టుకుంటుంది అని, అటువైపు మంచిగా ఉన్న నార తాడు అలాగే ఉంచి దానికి నైలాను అతుకుదామన్నాడు మామ. నేను పుస్తకం చూసి నైలాను పేట కుడికి దూర్చాను.

"ఎడమకప్పా," అన్నాడు.

"కుడికి అని సెప్పినావే మామా. ఇదిగో రాసుకున్నాను సూడు."

"అది ఆ తాడు. ఇది ఈ తాడు."

"అతుకు అతుకే కదా?"

ఆయన నా చేతిలోంచి తాడు తీసుకుని తనే అల్లడం మొదలుపెట్టాడు. నేను పాత పేజీ, కొత్త పేజీ తిప్పి తిప్పి చూస్తూ ఉన్నాను. తలెత్తేసరికి అతుకు అయిపోయింది. ఆయన చేతులు ఏం చేశాయో నేను చూడలేదు. 'పేటలు ఎడమకు' అని మాత్రం రాసుకున్నాను. ఈ మాట కింద కూడా గీత.

ఆ వారమే పుంగనూరు బస్టాండులో టీ తాగుతూ మా ఊరివాళ్ళతో అన్నాను: "మామకు మతి తప్పుతాండాది. ఒగదినం కుడి అంటాడు, ఒగదినం ఎడమ అంటాడు." నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. అందుకేనేమో ఆ మాట నిలబడింది. వాళ్ళు ఊళ్ళోకి తెచ్చారు. మామ కనబడితే చాలు, "హార్బరాయనా, ఈ పొద్దు కుడా, ఎడమా?" అని అడిగేవారు. ఆయన నవ్వేవాడు. "మీకు యాది కావాలంటే అది," అనేవాడు. బావి తాడుకో, బండి తాడుకో ఆయన్ను పిలిచేవాళ్ళు మెల్లగా పిలవడం మానేశారు. మా షెడ్డుకు ఆయన రావడం కూడా ఆగిపోయింది. ఎవరి నోట మొదలైందో ఆయనకు తెలుసా, తెలియదా అని చాలాసార్లు అనుకున్నాను. అడిగే ధైర్యం రాలేదు. నా మాట నిజమే అయితే అడగడం ఎందుకు, నిజం కాకపోతే ఎలా అడగడం, అన్నట్టు ఉండేది.

పోవడానికి నెల ముందు బస్టాండులోనే ఎదురయ్యాడు. కుప్పం బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"అతుకు నిలిచిందా?"

"నిలిచింది మామా."

ఇంకా ఏదో చెప్పబోయాను. బస్సు వచ్చింది. ఈసారి తెర ప్రశ్న వేయకుండానే ఎక్కాడు.

మామ పోయిన పొద్దు చావింటికి పోయి వచ్చి, తలకు పోసుకుని, గుడ్డలు మార్చుకుని షెడ్డులోకి పోయాను. పురుగులు ఆఖరు దశలో ఉన్నాయి. ఆపకుండా ఆకు తినే రోజులు అవి. నాలుగో నాడు సాయంత్రం పరదా ఎత్తబోతే తాడు తెగింది. తడిసిన గోనె ఒక్కసారిగా దిగిపోయింది. లోపల గాలి లేదు, ఉక్క. ఈ దశలో ఉక్కలో వదిలేస్తే పురుగులు రోగం పట్టి వరసగా పోతాయి. తాడు తెచ్చి చూశాను. తెగింది అతుకు దగ్గర కాదు. డ్రమ్ము పక్కన నార నాని చివికిపోయింది.

ఇంట్లో కొత్త నైలాను ఉంది. అది జారకుండా డ్రమ్ము కొక్కేనికి తగిలించడానికి, కొనను వెనక్కి మడిచి అందులోకే పేటలు దూర్చి ఒక కన్ను అల్లాలి. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో కుడికి, ఒక పేజీలో ఎడమకు. రెండూ నా రాతే. ఆయన మతి తప్పిందని నమ్మిన మనిషిని, ఇప్పుడు ఆయన ఏ రోజు మాట నమ్మాలి? ముందు కుడికి అల్లాను. గట్టిగా లాగితే పేటలు జారి బయటికి వచ్చాయి. మళ్ళీ దూర్చాను. మళ్ళీ వచ్చాయి.

అప్పుడు పాత తాడులోని ఆయన అతుకు చేతిలోకి తీసుకున్నాను. నార మీదికి వచ్చిన పేటలు కుడికి పోయాయి. నైలాను మీదికి వచ్చిన పేటలు ఎడమకు పోయాయి. ఒకే అతుకులో రెండూ ఉన్నాయి. ఇంకా అర్థం కాలేదు. రెండు తాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశాను. మా ఊళ్ళో పేనిన తాడు మెలి ఒకవైపు తిరుగుతుంది. బజారు నైలాను మెలి రెండోవైపు. పేట మెలికి ఎదురు పోవాలి. మెలి వెంట పోతే జారుతుంది. అంతే.

కొత్త తాడుకు ఎడమవైపు అల్లాను. నిలిచింది. తాడు గిలక మీదుగా లోపలికి తీసి, కన్ను కొక్కేనికి తగిలించి లాగితే పరదా లేవలేదు. దిగి ఉన్న పరదాకు డ్రమ్ము ఖాళీగా పెట్టాను. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో! డ్రమ్ము నిండా చుట్టి మళ్ళీ లాగాను. పరదా పైకి పోయింది. గాలి వచ్చింది.

పదకొండో రోజు పోయి అత్తతో చెప్పాను. "మామకు మతి బాగానే ఉండె అత్తా. తప్పు సెప్పింది నేను. ఊరంతా అన్న మాట నా నోట్లోంచి వచ్చిందే."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"ఆయప్పకు తెలుసులే. అదట్లుండనీ, కుడి ఎడమ అంటాండావే, ఆయప్పకు కుడేదో ఎడమేదో పెండ్లినాటినుంచీ తెలీదు. బస్సు దిగితే ఎడమకు పొమ్మంటే కుడికి పోయేవాడు. చెప్పులు నేనే సర్ది పెట్టాల. హార్బరులో కూడా ఎగతాళి చేసేవాళ్ళంట."

"మరి నాకు కుడి అని సెప్పినాడే? ఎడమ అని సెప్పినాడే?"

"సెయ్యి చూపించింటాడు. మాట నువ్వే అనుకొనుంటావు," అంది. కాసేపటికి ఆమెకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

ఆయన ఆ మాటలు అన్నట్టు నా చెవిలో వినిపిస్తూనే ఉంది. అన్నాడా? ఆయన చేయి పోయిన దిక్కు చూసి నేనే పేరు పెట్టి రాసుకున్నానా? పుస్తకంలో గీతలు మాత్రం నావి. తాడును అడగమన్న మాట ఒక్కటి ఆయనదని గట్టిగా చెప్పగలను. అది నేను రాసుకోలేదు.

ఆ అతుకును అటు జానెడు, ఇటు జానెడు తాడుతో కోసి షెడ్డు గోడకున్న ఇనుప మేకుకు తగిలించాను. ఎదురు మెలి ఉన్న రెండు తాళ్ళను అలా కలపాలని ఎన్నోసార్లు చూశాను. అల్లే దిక్కు ఇప్పుడు తెలుసు. అయినా నాది నడుమ వదులవుతుంది, ఆయనది కాలేదు. విప్పి చూస్తే తెలుస్తుందేమో. విప్పితే మళ్ళీ కట్టలేను. ఆయనది చూసి నేను చెక్కుకున్న చింతకర్ర మేకు దాకా చేయి పోయి వెనక్కి వస్తుంది.

సాయంత్రం పరదా ఎత్తగానే గాలికి ఆ తాడు ముక్క మెల్లగా ఒకవైపు తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టి రెండోవైపు తిరుగుతుంది.