సింగిల్ షేరింగ్

సూర్యప్రభ చివరిగా చేసిన పని, ఒక రిసార్టు వాళ్ళకి ఫోన్ చేసి మీ బాత్రూముల్లో బకెట్టూ మగ్గూ ఉంటాయా అని అడగడం.

మే నెల, సోమవారం, పొద్దున్న తొమ్మిది దాటింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆవిడ వార్డెన్‌గా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో టిఫిన్ల హడావుడి అప్పుడే తగ్గింది. వంటామె ఎలీశమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. సూర్యప్రభ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, తనూ ఓ గుప్పెడు అందుకుంది.

"షవర్ ఉంటుంది మేడమ్," అంది అవతలి అమ్మాయి.

"ఉంటే ఉండనీమ్మా, దాన్ని పీకేయమని నేననడం లేదు. రోజూ తలంటుకోం కదా. తల తడవకుండా షవర్ కింద ఎలా నిలబడాలో నువ్వు చెప్పు."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించిందని ఎలీశమ్మ తర్వాత చెప్పింది.

"హౌస్‌కీపింగ్ వాళ్ళతో చెప్పి పెట్టిస్తాను మేడమ్."

"అన్ని గదుల్లోనూ."

"అన్ని గదుల్లోనూ మేడమ్."

"చల్లగా ఉండు తల్లీ," అని ఫోన్ పెట్టేసింది. చేతిలోవి గిన్నెలో వేసి, గుండెల్లో కాస్త మంటగా ఉంది, కొంచెం మజ్జిగ తాగి ఒరుగుతానంటూ లేచింది. పదిన్నరకి కొరియర్ అతను గేటు దగ్గర బెల్లు కొట్టాడు. రెండోసారి కొట్టాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ బెల్లుకి ఆవిడ లేవకపోవడం అదే మొదలు.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. రేపల్లె దగ్గర పుట్టింది. పిల్లల్లేరు. భర్త పోయాక ఎల్‌బీనగర్‌లో ఉన్న చెల్లెలు గీత ఇంటికి వచ్చి, ఊరికే కూర్చోవడం చేతకాక, ఎవరో చెబితే రెండు నెలల కోసమని ఈ వార్డెన్ పనికి ఒప్పుకుంది. ఆ రెండు నెలలూ పూర్తికాలేదు. మరుసటి ఏడు గీతకి మృదుల పుట్టింది. అందుకే పెద్దమ్మ హాస్టలు లేని లోకం ఒకటి ఉండేదని మృదులకి ఎప్పుడూ నమ్మకం కుదిరేది కాదు.

హాస్టల్లో ఆవిడ గది గేటుని ఆనుకుని ఉండేది. బెల్లు సరిగ్గా మంచం తలాపు మీద. బస్సు ఆలస్యమైన పిల్ల, నీళ్ళ ట్యాంకరు, పాలవాడు, తెల్లారి నాలుగింటికి రైలందుకోవాలనే ఇంకో పిల్ల, అందరూ ఆ బెల్లే కొట్టేవారు. తాళాల గుత్తి తలగడ కింద పెట్టుకుని, ఒక చెవి గేటుకి అప్పగించి పడుకునేది. నువ్వు నిద్రపోతావా పెద్దమ్మా అని మృదుల చిన్నప్పుడు అడిగితే, "పోతానమ్మా, వాయిదాల మీద," అంది.

ఆ సందుల్లో మనుషుల్నీ గదుల్నీ షేరింగుల్లోనే కొలుస్తారు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్ అని ప్రతి కరెంటు స్తంభానికీ కాయితాలు అంటించి ఉంటాయి. సూర్యప్రభకి ఆ భాష పూర్తిగా ఒంటబట్టింది. రైల్లో థర్డ్ ఏసీని ఎయిట్ షేరింగ్ అనేది. సాయంత్రం పూట మెట్రో ఎక్కితే, "ఇవాళ హండ్రెడ్ షేరింగమ్మా," అనేది దిగుతూ. ఒక్కరే ఉండే గదికి ఆ వీధి పెట్టిన పేరు సింగిల్ షేరింగ్. ఆ మాట విన్నప్పుడల్లా మృదుల తమ్ముడు అభిరామ్ పట్టుకునేవాడు.

"ఒక్కళ్ళే ఉంటే ఎవరితో షేరింగ్ పెద్దమ్మా?"

"ఎవరితోనూ లేదురా. అందుకే దానికంత గిరాకీ."

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు గడియ చూసేది. తర్వాత కుళాయి తిప్పేది. తర్వాత పిడికిలితో పరుపు ఒత్తేది. బంధువుల గృహప్రవేశాల్లో అందరూ వ్రతం దగ్గర కూర్చుంటే, ఈవిడ బాత్రూమూ బాత్రూమూ తిరిగి, "నీళ్ళు సన్నగా వస్తున్నాయి, చూసుకోండి," అని ఇంటాయనకి నెమ్మదిగా చెప్పేది. భోజనాల దగ్గర ఆయన ముఖం అదోలా ఉండేది.

అలాంటి మనిషికి థీమ్ పార్కు యాత్రలో గదులు ఎంచే పని అప్పగించారు. అప్పగించలేదు, ఆవిడే లాక్కుంది.

మృదుల ఎంసెట్ రాసేసింది. పిల్ల రెండేళ్ళు పుస్తకంలోంచి తల ఎత్తలేదు, ఊరి బయట ఆ థీమ్ పార్కుకి అందరం వెళ్దాం, ఒక రాత్రి అక్కడే ఉందాం అంది పెద్దమ్మ. టైల్సు షాపు నడిపే మృదుల నాన్న వెంకట్రావుకి రెండో మాట మింగుడు పడలేదు.

"వదినగారూ, గంటన్నర దూరం. పొద్దున్నే వెళ్ళి ఆడుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చి చారన్నం తినొచ్చు. సొంత మంచాలు ఇక్కడ పెట్టుకుని అక్కడ పడుకోవడం ఎందుకు?"

"పడుకోవాలి," అంది సూర్యప్రభ. కారణం చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. వార్డెన్ అంది కాబట్టి అదో రూలు అనుకున్నారు.

ఇక వారం రోజులు అదే గోల. పార్కు దగ్గర ఉండటానికి మూడు రకాలున్నాయి. పార్కు లోపలే బంకు మంచాల హాలు, చెరువు అవతల గుడారాలు, రిసార్టు తోటలో వరసగా కాటేజీలు. అభిరామ్‌కి గుడారం కావాలి. వెంకట్రావుకి కారు నీడలో పెట్టుకునే చోటు కావాలి, టిఫిను వాళ్ళే పెట్టాలి. గీతకి పొడిగా ఉండే బాత్రూము కావాలి. పదిహేడేళ్ళ మృదులకి ఒక తలుపు కావాలి. ఇంట్లో ఆమె పడకా తమ్ముడి పడకా ఒకే గది. ఆ గదిలోనే ఇస్త్రీ బల్ల, నాన్న టైల్సు శాంపిళ్ళు, పండగ సామాన్లు. ఎవరికి ఏది కావాలన్నా ఆ గదిలోకే రావాలి. ఒక్క రాత్రి, తను గడియ తీస్తే తప్ప తెరుచుకోని తలుపు వెనక పడుకోవాలని ఆమె కోరిక. పెద్దమ్మతో ఒకసారి అంది కూడా. "అంతేనా," అంది పెద్దమ్మ, అదేదో కేజీ పంచదార అడిగినట్టు.

మంగళవారం పొద్దున్న ఆవిడ ఎలీశమ్మని వెంటబెట్టుకుని ఎల్‌బీనగర్‌లో బస్సెక్కి, మూడూ స్వయంగా చూసొచ్చింది. ఆ కథ ఎలీశమ్మ నోటే వినాలి.

"హాలు చూసింది. ట్వెల్వ్ షేరింగు, నాకొద్దనె. గుడారంల తల పెట్టి, గడియేదని అడిగె. గడియుండదు మేడమ్, జిప్పుంటదనె గదులు చూపెట్టే పోరి. జిప్పుకి తాళమెట్ల ఏస్తరని మీ పెద్దమ్మ. గా పోరి పరేషాన్. ఇగ కాటేజీలల్ల పరుపులు ఒత్తుడే ఒత్తుడు, నల్లాలు తిప్పుడే తిప్పుడు. నా కాళ్ళు గుంజుతున్నయ్ అక్కా అని నేను క్యాంటీన్ల చాయ్ తాగ పోయిన. ఒచ్చి చూస్తే లాస్టు రూముల మంచం మీద కూసొనుంది. ఏం చేస్తున్నవక్కా అంటే, సప్పుడు ఇంటున్న అనె. ఏం సప్పుడు ఒస్తలేదు గదక్కా అన్న. అదే ఇంటున్న ఎలీశమ్మా అనె."

ఇంట్లో మాత్రం, కాటేజీలకే మాట ఇచ్చేశాను, బాగున్నాయి అని ఒక్క ముక్కలో తేల్చేసింది పెద్దమ్మ. అభిరామ్ రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు ఆవిడ పంపిన పూతరేకులు తిని మాట్లాడాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే భోజనానికి వచ్చింది. మామిడికాయ పప్పు, వడియాలు. గీత వడ్డిస్తూ గదులు పంచేసింది.

"మేం ముగ్గురం ఒక గదిలో. అక్కా మృదులా ఒక గదిలో. పిల్లకి తోడుండాలి కదా."

"అది కాదు గీతా, గదులు..." అని సూర్యప్రభ మొదలుపెట్టింది.

మృదుల పూర్తి కానివ్వలేదు. "పెద్దమ్మతో అయితే నేను రాను. పెద్దమ్మ పక్కన పడుకుంటే హాస్టల్లో పడుకున్నట్టే. తొమ్మిదికి లైటు తీసేయమంటుంది. స్నానం ఆలస్యమైతే తలుపు కొడుతుంది. సెలవుకి వెళ్తూ వార్డెన్ని తీసుకెళ్తారా ఎవరైనా?"

వెంకట్రావు వడియం నమలడం ఆపాడు. "నోర్ముయ్," అంది గీత.

సూర్యప్రభ మజ్జిగన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. "లోపలివైపు గడియ ఉందమ్మా. చూశాను. గట్టిదే," అంది. ఆ మాటకీ ఈ మాటకీ పొంతనేమిటో మృదులకి అర్థం కాలేదు. మాట మార్చిందనుకుంది. ఆవిడ చేయి కడుక్కుని, "రేపు ఆ బకెట్ల సంగతి కనుక్కోవాలి," అని తనలో తనే అనుకున్నట్టు అని, సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర కాస్త ఆగింది. వెళ్ళేముందు మృదుల బుగ్గ గిల్లి వెళ్ళడం అలవాటు. మృదుల లోపల, ఇస్త్రీ బల్ల వెనక, ఫోన్ చూసుకుంటున్నట్టు కూర్చుంది. అడుగులు మెట్లు దిగి వెళ్ళిపోవడం వినిపించింది.

మరునాడు పదకొండు గంటలకి ఎలీశమ్మ ఫోన్ చేసింది.

ఆఖరి చూపుకి హాస్టలు పిల్లలు అరవై మంది వచ్చారు. పాత పిల్లలు, ఇప్పుడు బ్యాంకుల్లోనూ బడుల్లోనూ ఉన్నవాళ్ళు, ఇంకో ముప్పై మంది. ఒకామె తన నాలుగేళ్ళ కూతుర్ని చూపించి, "మేడమ్ నన్ను గేటు బయట ఒక్కసారి కూడా నిలబెట్టలేదు, ఎంత ఆలస్యమైనా తిడుతూ తీసేది," అని ఏడ్చింది. మృదుల దగ్గర ఉన్నది ఆదివారం నాటి ఆ ఒక్క మాటే. అది చెప్పుకునేది కాదు. వేసవంతా అన్నం దగ్గర కూర్చుంటే చాలు, వార్డెన్ని తీసుకెళ్తారా అనే మాట తన గొంతుతోనే వినిపించేది. పెద్దమ్మ నొచ్చుకునే పోయిందా అన్నది అడగాలంటే, అడగాల్సిన మనిషి పెద్దమ్మే.

వెంకట్రావు రిసార్టుకి ఫోన్ చేసి యాత్ర ఆపించాడు. ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు సార్ అన్నారట. మృదులకి ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగులో సీటొచ్చింది, కాలేజీ హాస్టల్లో చేరింది. ఫోర్ షేరింగ్. మొదటిరోజే తనకి తెలియకుండా గడియ చూసి, కుళాయి తిప్పి, పరుపు మీద పిడికిలి ఆనించింది. పక్క మంచం పిల్ల, "ఏంది, కొనడానికి ఒచ్చినవా?" అంది.

దసరా సెలవుల్లో గీతే అంది, వెళ్దామని. "అక్క అంతదూరం పోయి పరుపులు ఒత్తి మరీ ఎంచింది. పాడు చేయడం ఎందుకు."

వెళ్ళారు. కారుకి నీడ దొరికింది. వెంకట్రావు ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. డెస్కు దగ్గర సన్నగా ఉన్న అమ్మాయి పేరు అడిగి, కంప్యూటర్లో చూసి ముఖం చేటంత చేసుకుంది.

"బకెట్ మేడమ్ వాళ్ళా? మేడమ్ రాలేదా సార్?"

గీత చెప్పింది. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. సొరుగు తీసి తాళాలు బల్ల మీద పెట్టింది. మూడు.

"రెండు చాలమ్మా," అన్నాడు వెంకట్రావు. "ఎక్కడో పొరపాటు పడ్డట్టున్నారు."

"లేదు సార్. మూడే. మేడమ్ స్వయంగా రాశారు. బకెట్లు కూడా మూడింట్లో పెట్టించాం."

ఫైల్లోంచి ఒక ఫారం తీసి ఇటు తిప్పింది. హాజరు పట్టీల్లో, పాల చీటీల్లో మృదుల పుట్టినప్పటినుంచీ చూసిన గుండ్రటి అక్షరాలు. కోరికలు ఏమైనా ఉంటే రాయండి అన్న చోట, గీతలు దాటకుండా, మూడు వరసలు.

గీతా వాళ్ళకి త్రీ షేరింగ్. బాత్రూము పొడిగా ఉండాలి.

మృదులకి సింగిల్ షేరింగ్. లోపలి గడియ ఉన్నదే. ఎవరూ తలుపు కొట్టకూడదు.

నాకు సింగిల్ షేరింగ్. చివరి గది, గేటుకి దూరంగా. బెల్లు వినిపించకూడదు. పొద్దున్న లేపొద్దు.

"సింగిల్ షేరింగ్ అంటే మాకు ముందు అర్థం కాలేదు," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

మృదుల ఫారం తన వైపు లాక్కుంది. సంతకం కింద తారీఖు ఉంది. వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. అది ఆ ఆదివారానికి ముందటి మంగళవారం.