అమ్మ చెయ్యి ఆగిన చోటు

మా తమ్ముడి మీద పుస్తకం రాస్తున్న ప్రొఫెసరుగారు మొన్న మా ఇంటికి వచ్చారు. తమ్ముడు పేరున్న ఉర్దూ కవి. పోయి రెండేళ్లయింది. "ఆయన మీద ఎవరెవరి ప్రభావం ఉందమ్మా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా తానే నలుగురు పాత మహాకవుల పేర్లు చెప్పుకుపోయారు. నాకు ఒళ్లు మండింది.

"మా అమ్మ పేరు రాసుకోండి," అన్నాను.

ఆయన నవ్వారు. "అమ్మగారు చదువుకున్నారా?"

లేదు. ఓనమాలు కూడా రావు. ఉర్దూ పుస్తకాల బైండింగ్ షాపులో ముప్ఫై ఏళ్లు ఫారాలు, అంటే పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, మడతపెట్టింది. పక్క బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే ముసలాయన ప్రతి కవితనూ పైకి చదివేవాడు. చెవులప్పగించి వినీ వినీ అమ్మకు వందల గజళ్లు నోటికొచ్చేశాయి.

తమ్ముడు వారాల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. తాగేవాడు, ఎవరి అరుగు మీదో పడుకునేవాడు. నేను ఇస్త్రీ చేసిన చొక్కాను ముషాయిరాకు, ఆ కవుల సభకు, వెళ్లేముందు నలిపి మరీ తొడుక్కునేవాడు, పెద్ద ఫకీరులా కనబడాలని! కానీ గజల్ పూర్తయితే మాత్రం బుద్ధిగా ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చునేవాడు. అమ్మ ఇంటికి తెచ్చుకున్న ఫారాలు మడుస్తూ వినేది. పాదం బాగుంటే చెయ్యి సాగిపోయేది. ఎక్కడ తేడా కొట్టిందో అక్కడ ఆగేది. ఒక్క మాట అనేది కాదు. వాడు ఆ పాదం కొట్టేసి మళ్లీ రాసేవాడు. ఒక్కోసారి పదకొండు సార్లు కూడా.

పేరొచ్చాక రేడియోవాళ్లు పిలిచారు. మావాడు మాట్లాడతాడని అమ్మ షాపంతా చెప్పుకుంది. పని ఆపి అందరూ విన్నారు. మీ గురువెవరని అడిగితే, "ఎవరూ లేరు. నన్ను వీధులే కవిని చేశాయి," అన్నాడు ఆ మహానుభావుడు. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మకు తల కొట్టేసినట్లయింది.

ఇంటికొచ్చి ఎప్పటిలాగే ఫారాలు ముందేసుకుని కూర్చుంది. నాలుగు రోజుల తర్వాత వాడు కొత్త గజల్ చదివాడు. సగం నాసిరకం. ఆ సంగతి నాకే తెలిసిపోయింది. అమ్మ చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు.

"ఒక్కచోట కూడా ఆగలేదేంటమ్మా!" అని వాడు మురిసిపోయాడు.

"బాగుందిరా," అంది అమ్మ.

ఆ తర్వాత ఆరేళ్లు, ఆమె పోయేదాకా, వాడు ఏం చదివినా అంతే. వాడు ఆ చెత్తంతా ధీమాగా అచ్చేయించుకున్నాడు.

"చివరి పుస్తకాలు తేలిపోయాయి, తాగుడువల్లేనేమో," అన్నారు ప్రొఫెసరుగారు. అప్పుడు ఇదంతా చెప్పాను. "దీనికి రుజువేముందమ్మా?" అంటూ పెన్ను జేబులో పెట్టుకున్నారు.

రుజువు నేనే. అన్ని రోజులూ పక్కన కూర్చుని నేనూ ఫారాలు మడిచాను. ఒరేయ్, అమ్మ నీ గజల్ వినడం మానేసిందిరా, అని అప్పుడు ఒక్క మాట అనుంటే చాలు, వాడు ఆమె కాళ్ల మీద పడి మళ్లీ రాసుకునేవాడు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఈమె నా గురువు అని నలుగురిలో ఒక్కసారి చెప్పడానికి వాడికి నోరు రాలేదు. నేనెందుకు చెప్పాలి?