అమావాస్య కంప్లైంటు

2003లో నన్ను మా మొబైల్ కంపెనీ బెంగళూరు పాతపేటల సిగ్నల్ చూసే సీనియర్ ఇంజినీరుగా వేసింది. టవర్లు కట్టడం వేరేవాళ్ళ పని. వాటి సిగ్నల్ ఇరుకు సందుల్లోని అంగళ్ళదాకా చేరేట్టు చూడటం మా పని. చేరని చోట బూస్టరు పెట్టేవాళ్ళం. మేడమీద ఒక యాంటెన్నా టవరు సిగ్నల్ పట్టుకుంటుంది, మధ్యలో ఒక పెట్టె దాన్ని పెంచుతుంది, అంగట్లో ఇంకో యాంటెన్నా పంచుతుంది. పంచిన సిగ్నల్ తిరిగి మేడమీది యాంటెన్నాలో పడిందా, మైకు ముందు స్పీకరు పెట్టినట్టే. పెట్టె ఎర్రదీపం వెలిగించి పని మానేస్తుంది.

బళేపేటలో గాజుల టోకు వ్యాపారి నారాయణప్ప అంగడికి అలాంటిదొకటి పెట్టాం. ఊళ్ళనుంచి ఆయనకు ఆర్డర్లన్నీ సెల్‌ఫోన్లోనే వచ్చేవి. పెట్టిన నెలనుంచే సిగ్నల్ పోతోందని కంప్లైంట్లు మొదలయ్యాయి. కంప్లైంటు అన్ని బల్లలూ దాటి నా దగ్గరికి వచ్చేసరికి వారం పట్టేది. నేను వెళ్తే పచ్చదీపం నిక్షేపంలా వెలుగుతుండేది. మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ ఏ లోపమూ లేదని రాసి వచ్చాను. మా మేనేజరు విసుగెత్తి, ఇంకొక్క కంప్లైంటు వస్తే ఆ బూస్టరు పీకి తెచ్చేయమన్నాడు. అది పోతే ఆర్డర్లు ఎదురంగడి ల్యాండ్‌లైనుకు పోతాయి.

ఈ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే నారాయణప్ప, "ఏం చేసేదప్పా, అమావాస్య వస్తే చాలు దానికి ఏమో అయితాది" అన్నాడు. మా అత్తగారి కీళ్ళనొప్పులకు తప్ప అమావాస్య లెక్క నేనెక్కడా వినలేదు. రేడియో తరంగాలకు పంచాంగంతో పనిలేదని చదువుకున్నవాణ్ణి. అయినా తర్వాతి అమావాస్యనాడే, కంప్లైంటు పుట్టకముందే వెళ్ళాను.

పెట్టెమీద ఎర్రదీపం వెలుగుతోంది. మేడెక్కితే సంగతి తెలిసింది. యాంటెన్నా ముక్కుకు ఎదురుగా, పసుపు కుంకుమ పూసిన పెద్ద బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. నారాయణప్ప తల్లి జయమ్మ దానికి హారతి ఇస్తోంది. ప్రతి అమావాస్యకూ కట్టి, కొన్నాళ్ళకు దించి వీధిలో పగలగొట్టడం వాళ్ళింటి వాడుక. అంటే నేను వచ్చేనాటికి సాక్ష్యం ముక్కలైపోయేదన్నమాట.

"ఎదురంగడోళ్ళ కండ్లన్నీ ఈ యాంటెన్నామీదే ఉండాయప్పా" అందావిడ.

కాయ నిండా నీళ్ళేననీ, నీళ్ళు టవరు సిగ్నల్‌ను మింగేస్తాయనీ, పైగా అంగట్లోంచి వచ్చేదాన్ని తిప్పి యాంటెన్నా మీదికే కొడుతున్నాయనీ వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "మింగేదానికే కదప్పా కట్టేది. దిష్టి ఏదో సిగ్నల్ ఏదో దానికేం తెలుసు?" అంది.

తీయమంటే తీయదని అర్థమై చుట్టూ చూశాను. టవరేమో యాంటెన్నాకు ముందువైపు ఉంది. ఎదురంగడి సరిగ్గా వెనకవైపు.

"దిష్టి వచ్చేది ఎనకనించి కదమ్మా, కాయ ముందర కట్టినారే" అన్నాను.

జయమ్మ ఎదురంగడికేసి చూసి, కాయకేసి చూసి, "అవునప్పా, ఇన్నాళ్ళూ ఊరికే కట్నాము" అని తనే ముడి విప్పింది.

వెనక్కి మార్చాక ఎర్రదీపం ఆరింది. తమాషా ఏమిటంటే, అంగట్లోంచి వచ్చే సిగ్నల్‌కు ఇప్పుడు కాయే అడ్డు నిలిచింది. దాంతో గెయిన్, అంటే పెట్టె సిగ్నల్ పెంచే బలం, మునుపటికన్నా ఎక్కువ పెట్టగలిగాను. రిపోర్టులో గుమ్మడికాయ అని రాయడానికి చెయ్యి రాక, "యాంటెన్నా వెనుక అదనపు అడ్డు అమర్చబడినది" అని రాశాను. మేనేజరు సంతోషించి, మిగతా చోట్లకూ అవే తెప్పించమన్నాడు.

ఒక్కటే చిక్కు మిగిలింది. ఆ గెయిన్‌కు కాయ దించితే ఎర్రదీపం మళ్ళీ వెలుగుతుంది. కొత్తది కట్టేదాకా పాతది దించవద్దని జయమ్మకు నేనే గట్టిగా చెప్పి వచ్చాను.

లోపం కనబడకపోతే లోపం లేదని రాయకూడదు, అది ఉన్న రోజు చూసి వెళ్ళాలి. ఆ తర్వాత ఏ అంగట్లో బూస్టరు పెట్టినా, గోడకు మేకు కొట్టేముందే వాళ్ళ దిష్టి ఏ దిక్కునుంచి వస్తుందో అడిగి తెలుసుకునేవాణ్ణి.