పచ్చలైటు కొట్టుకునే వేళ

పాట ఆగిపోతే ఉస్మాన్‌కి మెలకువ వచ్చేస్తుంది.

మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్‌లో అతనిది రాత్రి షిఫ్టు. పగలు ఆ వెనకే రేకుల గదిలో పడుకోవాలి. గోడకవతల రంపం గ్రానైట్‌ని కోస్తూనే ఉంటుంది. చెవుల్లో పాట ఉంటేనే ఆ మోత లోపలికి రాదు, కన్ను మూతపడుతుంది. దుమ్ముకి మూతిగుడ్డ కూడా ఇవ్వని యజమాని పనివాడి నిద్ర సంగతి పట్టించుకుంటాడా?

ఆ పాటలు వినుకొండలో అతని ఇంట్లో, కంప్యూటర్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఆ ఊళ్ళో మెమరీ కార్డుల్లో పాటలెక్కించే షాపు అతనిది. పెళ్ళి బ్యాండు మేళాలు, పీర్ల పండగ పాటలు, కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకున్నవి, అన్నీ జనం తెచ్చిన పాత క్యాసెట్ల నుంచి ఓపిగ్గా ఎక్కించుకున్నాడు. అందరి చేతుల్లోకీ నెట్ వచ్చాక షాపు మూతపడింది. కంప్యూటర్ ఇంటికి చేరింది, ఉస్మాన్ రాళ్ళలోకి చేరాడు. రాష్ట్రం దాటి పోయినవాణ్ణి వలస కూలీ అంటారు. బస్సెక్కితే పూటలో ఇల్లు చేరే దూరంలో ఉండి, సెలవు దొరక్క నెలల తరబడి పెళ్ళాం మొహం చూడనివాణ్ణి ఏమనాలో ఏ లెక్కలోనూ లేదు.

ఇంటి కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి పాట వచ్చే ఏర్పాటు తనే చేసుకున్నాడు. వానాకాలమంతా బాగానే వచ్చింది. మిరపకోతలు మొదలయ్యాక తెగిపోవడం మొదలైంది. ఫోన్ తప్పనుకున్నాడు. సిమ్ మార్చాడు. చివరికి సిగ్నల్ కోసం రాతిపలకల దొంతి ఎక్కి నిలబడ్డాడు.

"ఏరా, స్వర్గానికి ఫోన్ కలుపుతున్నావా?" కింద నుంచి అరిచాడు, అతనితో పనిచేసే బాలు. "ఫోన్లో బోలెడు పాటలు ఊరికే వస్తుంటే నీకు ఇంటివే కావాలా?"

"ఇవి బయట దొరకవురా."

"దొరికినా నువ్వు వినవులే."

సాయంత్రం షిఫ్టుకి ముందు భార్యకి ఫోన్ చేశాడు. కరీమున్ అప్పుడే మిరప తొడిమలు తీసే పని నుంచి వచ్చింది. మాటకి ముందు దగ్గు వినిపించింది.

"ఆ నెట్ డబ్బా మీద పచ్చలైటు చూడు. వెలుగుతోందా?"

"వెలుగుతోంది, నిదానంగా. మీరు పాట పెడితే గబగబా కొట్టుకుంటుంది."

"నీకెట్లా తెలుసు?"

"చూస్తాగా. తెర నల్లబడితే మళ్ళీ మందగిస్తుంది. అందుకే నల్లబడకముందే ఆ మౌసు కాస్త కదుపుతా. కూర దించి ఓసారి, అంట్లు తోమి ఓసారి. ఇప్పుడు పనికి పోతున్నాగా, పగలు ఎవరు కదుపుతారు?"

ఉస్మాన్‌కి తన షాపు రోజులు గుర్తొచ్చాయి. షాపులో షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా ఎవరిదో ఒకరి కార్డు కంప్యూటర్లో ఉండేది, మౌసు మీద తన చెయ్యి ఉండేది. ముట్టుకోకపోతే కంప్యూటర్ నిద్రపోతుందన్న సంగతే అతనికి తట్టలేదు.

"వానాకాలమంతా అట్లాగే కూర్చున్నావా?"

"వానలకి ముందు అక్కడ ఎవరి మీదో రాతిపలక పడిందన్నారుగా. ఈ లైటు కొట్టుకుంటుంటే మీరు షిఫ్టు నుంచి క్షేమంగా వచ్చి పడుకున్నట్టు. లేకపోతే నాకెవరు చెప్తారు?"

సెట్టింగుల్లో ఒక్కచోట మారిస్తే చాలు, అది ఇక నిద్రపోదు. ఫోన్‌లోనే చెప్పి చేయించవచ్చు.

"మౌసు పట్టుకో," అన్నాడు. "ఇది చేస్తే ఇక నువ్వు కదపక్కర్లేదు."

"నేను ఇంట్లో లేకపోయినా మోగుతుందా?"

"మోగుతుంది."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. "మంచిదేగా," అంది తర్వాత. "ఎక్కడ నొక్కాలో చెప్పండి."

ఉస్మాన్ చెప్పలేదు. ఇన్నాళ్ళూ పాట మోగినంతసేపూ ఆ గదిలో ఆమె ఉంది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

"ఇప్పుడొద్దులే, షిఫ్టుకి వేళైంది. వచ్చినప్పుడు నేనే మారుస్తా."

ఎప్పుడొస్తారని ఆమె అడగలేదు.

మర్నాడు పొద్దున చాప మీద ఒరిగి పాట పెట్టాడు. కాసేపు మోగి ఆగిపోయింది. ఈసారి ఫోన్‌ని విదిలించలేదు. కరీమున్ తలుపుకి తాళం వేసి, కొంగు ముక్కుకి చుట్టుకుని మిరప కల్లానికి నడుస్తూ ఉంటుంది. రంపం మోత మొత్తం లోపలికి వచ్చేసింది. చెవుల్లో తీగలు తీయకుండా, ఆమె తిరిగొచ్చే వేళ కోసం అలాగే పడుకున్నాడు.