నా ఒకే ఒక్క గోలు

క్రికెట్ పిచ్చివాళ్లు మా గోదావరి జిల్లాల్లో వీధికి వందమంది దొరుకుతారు. హాకీ పిచ్చివాళ్లు మాత్రం నాకు తెలిసి ఇద్దరమే ఉండేవాళ్లం: నేనూ, నా స్నేహితురాలూ. రాజమండ్రిలో ఒకే హైస్కూల్లో చదువుకున్నాం, ఒకే టీములో ఆడాం. అది కెప్టెన్, సెంటర్ ఫార్వర్డ్; నేను లెఫ్ట్ హాఫ్. అంటే గోల్స్ కొట్టడం దాని పని, వెనకాల పరిగెత్తి పరిగెత్తి చావడం నా పని. పెళ్లయ్యాక అది కాకినాడలో స్థిరపడింది. నేను రామచంద్రపురం వచ్చి స్కూల్లో సైన్సు చెప్పుకుంటున్నాను. ఆడటం ఏనాడో మానేశాం గానీ, చూడటం మానలేదు.

ఎక్కడ పెద్ద మ్యాచ్ ఉందన్నా ఇద్దరం కూడబలుక్కుని బయల్దేరేవాళ్లం. ఒకసారి ఇండియా ఆడుతోందని ఒడిశా వెళ్లాలనుకున్నాం. ఇంట్లో హాకీ అంటే ఒప్పుకోరని అన్నవరం వెళ్తున్నామని చెప్పాను. అది లూథరన్ చర్చి వాళ్లమ్మాయి, దానికి అన్నవరంలో ఏం పనని ఎవరూ అడగకపోవడం మా అదృష్టం. తిరిగొచ్చేటప్పుడు నిజంగానే అన్నవరంలో రైలు దిగి కొండెక్కాం. అరిచి అరిచి గొంతులు పోయి, ఇద్దరం సైగలతోనే ప్రసాదం కొన్నాం. అత్తయ్యగారు కళ్లకద్దుకుని తిని, "గొంతేంటమ్మా అలా పోయింది?" అన్నారు. భజనలో కూర్చున్నామండీ అన్నాను. ఇంకోసారి స్కూలు పిల్లల కోసం కొన్న హాకీ కర్రల కట్టతో యానాం మీదుగా బస్సులో వస్తుంటే, అక్కడ చవకమందు పుచ్చుకుని ఎక్కిన పెద్దమనుషులు మమ్మల్ని చూసి గప్‌చుప్‌గా సీట్లు ఖాళీ చేశారు. మేమిద్దరం ఇంటిదాకా పడీ పడీ నవ్వాం. అలాంటి స్నేహం మాది. అందుకే అది చేసిన పని ఇప్పటికీ తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

ముందు ఆ గోలు సంగతి చెప్పాలి. పదో తరగతిలో ఉండగా రాజమండ్రిలో జిల్లాల మధ్య ఫైనల్. ముందురోజంతా వాన, గ్రౌండంతా బురద. నేను సగం గీత దాటి ముందుకెళ్తే డ్రిల్లు మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఆట ముగియబోతోంది, స్కోరు సమానం. నా స్నేహితురాలు కొట్టిన షాట్ గోల్‌కీపర్ ప్యాడ్లకు తగిలి బురదలో ఆగిపోయింది. కొట్టిన ఊపుకి అదేమో జారి పడింది. నాకు మాస్టారూ గుర్తులేరు, చెవీ గుర్తులేదు. పరిగెత్తుకెళ్లి ఆ బంతిని బురదతో సహా లోపలికి తోసేశాను. అందమైన గోలేం కాదు. నేను ఆడినన్నాళ్లలో కొట్టింది మాత్రం అదొక్కటే.

మా ఇంట్లో ఈ కథ ఎవరూ నమ్మరు. మా ఆయనకైతే నేను వంటింట్లో గిన్నె జారవిడిస్తే చాలు, "గోల్!" అని అరవడం సరదా. పాలు విరిగితే "ఆఫ్‌సైడ్" అంటారు. హాకీలో ఆఫ్‌సైడ్ తీసేసి చాలా ఏళ్లయిందండీ బాబూ అంటే వినరు. అత్తయ్యగారిది అమలాపురం దగ్గర పల్లె. "ఆడపిల్లలు లాగులేసుకుని, కర్రలు పుచ్చుకుని, మగాళ్ల ముందు గెంతారంటే మా వైపు ఎవరు నమ్ముతారమ్మా?" అని నవ్వేవారు. ఆవిడ మనసు మంచిదే. కానీ ఇరవై ఏళ్లుగా ఆ నవ్వు వింటుంటే, ఒక్కసారైనా ఈవిడ నమ్మితే బాగుండునని నాకు గట్టిగా ఉండేది.

అలాంటి రోజుల్లో నా స్నేహితురాలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఒసే, కాకినాడలో ఆడవాళ్ల జాతీయ పోటీలే! శనివారం సెమీస్, ఆదివారం ఫైనల్. ఫైనల్ హాఫ్ టైమ్‌లో మన పాత టీముకి సన్మానం పెడుతున్నాం. మన పాత క్రీడాకారుల సంఘంలో నేనున్నాగా, దగ్గరుండి చూసుకుంటున్నా. అన్నయ్యగారినీ, అత్తయ్యగారినీ తప్పకుండా తీసుకురా. నీ గోలు గురించి మైకులో చెప్పిస్తా!"

నేను చిన్నపిల్లలా గెంతాను. అత్తయ్యగారు ఆ మర్నాడే బజారుకెళ్లి జరీ అంచు మెరూన్ శాలువా కొనుక్కొచ్చారు. మా వైపు సన్మానమంటే నిర్వాహకులు కప్పే శాలువాతో సరిపోదు. ఇంటివాళ్లు కూడా ఒకటి తెస్తారు, వేదికెక్కి తమ మనిషికి తామే కప్పి ఫొటో దిగుతారు. "నా చేత్తో నేనే కప్పుతానమ్మాయ్," అన్నారు ఆవిడ, శాలువా మడత విప్పి నా భుజాన వేసి చూస్తూ. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

శనివారం నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ రోజు మాత్రం నిజంగా పండగే. తడిపిన నీలం టర్ఫ్ మీద జార్ఖండ్ అమ్మాయిలు పరిగెడుతుంటే నీళ్లు చిమ్ముతున్నాయి. పెనాల్టీ కార్నర్ బంతి గోలు పలకకు తగిలి ఠప్పుమని మోగినప్పుడల్లా లేచి నిలబడిపోయాను. పక్కనెవరో ముసలాయన, "మీరు కూడా ఆడేవారాండీ?" అని అడిగితే, "లెఫ్ట్ హాఫ్ అండీ," అని ఎంత గొప్పగా చెప్పానో. నా స్నేహితురాలు మెడలో బ్యాడ్జీ వేసుకుని అటూ ఇటూ తిరిగింది గానీ, నా పక్కన కూర్చోలేదు. "పనుందే బాబూ," అంటూ వెళ్లిపోయింది. పాపం ఎంత కష్టపడుతోందో అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

ఆదివారం ముగ్గురం కారులో వెళ్లాం. నేను పట్టుచీర కట్టుకున్నాను, హాకీ గ్రౌండులో పట్టుచీరేంటని ఎవరేమనుకున్నా సరేనని. మాకు ముందు వరసలో కుర్చీలిచ్చారు. అత్తయ్యగారు శాలువా సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. హాఫ్ టైమ్ అయింది. వేదిక మీదికి నాయకులూ, చందాలిచ్చినవాళ్లూ, వాళ్ల భార్యలూ ఎక్కారు. మైకు పట్టుకున్నాయన, సమయాభావం వల్ల పాత జట్టు తరఫున ఒక్కరినే సత్కరిస్తున్నామన్నాడు. ఆ ఒక్కరూ నా స్నేహితురాలే.

సరే, కెప్టెన్ కదా, పోనీలే అని సర్దుకోబోయాను. ఇంతలో ఆయన అందుకున్నాడు: "వాన! బురద! స్కోరు సమానం! అప్పుడు ఈ తల్లి దూసుకెళ్లి బంతిని బురదతో సహా గోల్లోకి నెట్టి మన జిల్లా పరువు నిలబెట్టిందండీ!"

జనం చప్పట్లు కొట్టారు. అది తల వంచి నమస్కారం పెట్టింది. కాదనలేదు. నా వైపు చూడలేదు.

బురదతో సహా అన్న మాట నాది. దానికి నేను చెప్పిందే, దానితో పాటు నవ్వుకుంటూ వందసార్లు చెప్పిందే. లేచి నిలబడి అరుద్దామనుకున్నాను. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయాను. మా ఆయన నా వైపు ఒకసారి, వేదిక వైపు ఒకసారి చూశారు.

అంతటితో అయినా బాగుండేది. అది మైకు అందుకుని, "నా ప్రాణ స్నేహితురాలి అత్తగారు కూడా వచ్చారండీ. పెద్దావిడ, వచ్చి నన్ను దీవించాలి," అంది. జనమంతా మా వైపు తిరిగారు. అత్తయ్యగారు కంగారుగా నా మొహం చూశారు. మర్యాదస్తులు. పదిమందిలో పిలిస్తే వెళ్లకుండా ఉండలేరు, వేదికెక్కేటప్పుడు వట్టి చేతులతో ఎక్కలేరు. సంచిలోంచి ఆ మెరూన్ శాలువా తీసి, మెట్లెక్కి, తన చేత్తో దానికి కప్పారు. ఫొటో తీశారు. నేను చూస్తూ కూర్చున్నాను.

మూడో క్వార్టర్ మొదలయ్యాక దాన్ని గ్యాలరీ వెనక కొబ్బరిబోండాల బండి దగ్గర పట్టుకున్నాను. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"ఎందుకే అలా చెప్పించావు?"

"నేను చెప్పించలేదే. ఒక్కరికే ఛాన్సని నిన్న పొద్దునే తేల్చేశారు. మంచి గోలు ఏదైనా ఉంటే చెప్పండన్నారు. చెప్పాను. సెంటర్ ఫార్వర్డ్‌ని కదా, నేనే కొట్టాననుకున్నాడు ఆ మైకాయన."

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదు? ఇందాక కాదనడానికేం?"

"అంతమందిలోనా? వదిలేద్దూ. నా గోల్స్‌లో ఒకటి అటూ ఇటూ అయితే ఏమైందే?"

"నీకు బోలెడున్నాయే. నాకున్నది ఒక్కటే! వెళ్లి చెప్పు. మైకులో వద్దు, మా అత్తయ్యగారికి ఒక్కరికే చెప్పు, చాలు."

అది శాలువా సవరించుకుంది. "ఇప్పుడు చెబితే నా పరువేం కావాలి? ఆవిడ నాకు శాలువా కూడా కప్పేశారు," అంది. బోండాలవాడు గ్లాసు అందిస్తే తాగుతూ నిలబడింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏంటో నాకు అప్పుడు తెలిసింది. థూ అని వచ్చేశాను.

ఫైనల్ ఎవరు గెలిచారో మర్నాడు పేపర్లో చూసుకున్నాను. అంత పిచ్చిదాన్ని, కళ్ల ముందు ఆడుతుంటే చూడలేకపోయాను.

తిరుగు దారిలో అత్తయ్యగారూ నేనూ కారులో వెనక సీట్లో కూర్చున్నాం. ఊరు దగ్గరపడుతుండగా అత్తయ్యగారు నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు టీములో ఉన్నావు. అది నిజమే కదా. మాకు అది చాలమ్మా. గోలు సంగతి నేను బయట ఎవరి దగ్గరా అననులే."

"అత్తయ్యగారూ, ఆ గోలు నేనే కొట్టానండీ," అన్నాను.

ఆవిడ నా చెయ్యి నిమిరారు.

"సరేలే తల్లీ. నువ్వే కొట్టావు," అన్నారు, ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతున్నట్టు.