గుమ్మడి పాదు కింద ఎర్ర పెట్ట

బల్మూర్‌లో మా ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు ఉంది. కుట్టుమిషన్‌ను పెరటి గుమ్మం పక్కనే వేసుకున్నాను, జాకెట్లు కుడుతూ తలెత్తితే పచ్చగా కనిపించాలని. రెండేళ్ల కిందట వానాకాలం మొదట్లో అక్కడ మెంతి, కొత్తిమీర చల్లాను. మొలక వేలెడు లేవకముందే ఐదు కోళ్లు వచ్చి మడి మొత్తం తవ్విపోశాయి.

తుమ్మకంప వేశాను. పాత చీర అడ్డం కట్టాను. అవి కంప దగ్గర కాసేపు ఆగేవి, గోడెక్కేవి, చీర మీంచి లోపలికి దూకేవి. అన్నిటికంటే ముందు దూకేది ఒక ఎర్ర పెట్ట. కర్ర తీస్తే పరుగెత్తేది, నేను కూర్చోగానే మళ్లీ వచ్చేది.

పక్కింటి పెద్దమ్మను అడిగాను. ఆమె పొలాల్లో కూలికి పోతుంది.

"నీ కోళ్లేనా పెద్దమ్మా ఇవి?"

"నావి గావు బిడ్డా. మూలింటోళ్లయి. ఆలుమొగలు తాళమేసి బొంబాయికి పనికి పోయిండ్రు. కోళ్లను అంతదూరం ఎట్ల కొంటవోతరు? ఇడిసిపెట్టి పోయిండ్రు."

"మరి నా కూరలు?"

"అయి మాత్రం యాడికి పోవాలె? ఆకలైతది గదా."

వానలు ముదిరేసరికి ఐదింటిలో ఒక్కటే మిగిలింది. మిగతావి కుక్కల పాలయ్యాయి. చివరికి ఎర్ర పెట్ట కూడా కనిపించకపోతే నేనేమీ బాధపడలేదు. ఆ రోజే కొత్తిమీర మళ్లీ చల్లాను.

వారం తర్వాత గుమ్మడి పాదులో కలుపు తీద్దామని కర్రతో తీగ పైకెత్తితే అది అక్కడే ఉంది. కర్ర చూస్తే పారిపోయే కోడి ఈసారి కదల్లేదు. ఈకలన్నీ లేపి నన్నే చూసింది. వెనకడుగు వేసింది నేనే.

పెద్దమ్మ వచ్చి, దాని కింద చేయి పెట్టి తడిమింది. "గుడ్ల మీద కూసున్నది. ఎనిమిదున్నయ్. లేపకు."

ఆ తర్వాత నాకు పని సాగలేదు. రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం పూట అది లేచేది. నేను వేసిన నూకలు తిని, నీళ్లు తాగి, పరుగున వెనక్కి పోయేది. కూర్చునే ముందు ముక్కుతో గుడ్లను ఒక్కొక్కటే తిప్పేది. సూదిలో దారం ఎక్కించే నా వేళ్లకు కూడా అంత నిదానం లేదు.

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. నీళ్లు పాదు వైపు పారుతుంటే పార తీసుకుని కాలువ చేసి మళ్లించాను. పైన ప్లాస్టిక్ సంచి కప్పబోతే, మణికట్టు మీద నెత్తురొచ్చేలా పొడిచింది. తల మీంచి వాన కారుతున్నా రెక్కలు ఇంకాస్త విప్పి నేలకు అదుముకుంది. ఒక్క గుడ్డు కూడా బయటికి కనిపించలేదు. దీనికి ఇదంతా ఎవరు నేర్పారా అనుకుంటూ తడుస్తూ అక్కడే నిలబడిపోయాను.

ఇంకో పది రోజులకు పెద్దమ్మ ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది.

"జర ఇను."

ముందు ఏమీ వినపడలేదు. తర్వాత లోపల టక్కుమని చిన్న దెబ్బ, వెంటనే సన్నగా కీచుమన్న గొంతు. కోడి నోరు తెరవకుండా గొంతులోనే ఏదో గొణిగింది. అలాంటి శబ్దం అది చేయగా నేనెప్పుడూ వినలేదు. గుడ్డులోంచి మళ్లీ కీచు.

"మాట్లాడుకుంటున్నయా పెద్దమ్మా?"

"మాట్లాడుకుంటయ్. గిది గూడ తెల్వదా నీకు?"

ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, లెక్కలేనన్ని గుడ్లు ఉడకబెట్టినదాన్ని. నలభై ఏళ్లు వచ్చినా నాకు ఈ సంగతి తెలియదు. గుడ్డు వెచ్చగా ఉంది. పెద్దమ్మ దాన్ని తీసుకుని తిరిగి రెక్క కింద పెట్టింది.

మర్నాటికి ఆరు పిల్లలయ్యాయి. రెండు గుడ్లు పగల్లేదు. రెండు రోజులాగి అది పిల్లలను నేరుగా కొత్తిమీర మడిలోకే తీసుకుపోయి తవ్వడం నేర్పింది. నేను కుట్టు ఆపి చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే గద్ద దిగింది. నేను నీడ మాత్రమే చూశాను. లేచేలోపే పెట్ట మనిషెత్తు ఎగిరి కాళ్లతో తన్నింది. ఈకలు రాలాయి. గద్ద తడబడి ఉత్త కాళ్లతో గోడ దాటిపోయింది. పిల్లలు గుమ్మడి ఆకుల్లో దూరాయి. తలుపు పట్టుకుని నిలబడ్డాను. పెట్ట కుంటుతూ మడిలోకి వచ్చింది. ఒక పురుగును పట్టి, తాను తినకుండా నేల మీద పెట్టి, పిల్లలను పిలిచింది. ఒక్కొక్కటే ఆరూ బయటికి వచ్చాయి.

వాటిలో నాలుగు పెరిగి పెద్దవయ్యాయి. నేను సిమెంటు సంచుల్లో మట్టి నింపి డాబా మీద ఆకుకూరలు వేసుకుంటున్నాను. పెరడు వాటికే వదిలేశాను.